మంచు సముద్రంలో దారి వెతికిన వర్తకుడు



నది ఉంటే సరుకు సముద్రానికి చేరినట్టే అనుకుంటాం. యానాంలో గోదావరిని చూస్తూ పెరిగిన మీకు వేరే చెప్పాలా! సైబీరియాలో అలా కుదరదు. అక్కడి మహానదులు ఓబ్, యెనిసెయ్, లేనా మూడూ ఉత్తరానికే పారతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టి ఉండే సముద్రంలో కలుస్తాయి. ఆ సముద్రంలో ఓడదారి కోసం సొంత సొమ్ము ధారపోసిన వర్తకుడు అలెగ్జాండర్ సిబిర్యకోవ్.

ఆయన 1849లో ఇర్కూత్స్క్ నగరంలో, బంగారు గనులున్న ఇంట పుట్టారు. 1878లో స్వీడన్ శాస్త్రవేత్త నార్డెన్‌షెల్డ్ 'వేగా' అనే ఓడలో ఆసియా ఉత్తర తీరం వెంట బయల్దేరారు. ఆ యాత్రకు స్వీడన్ రాజుతోపాటు డబ్బు పెట్టినవారిలో సిబిర్యకోవ్ ఒకరు. బేరింగ్ జలసంధి ఇక దగ్గరే అనగా వేగా మంచులో చిక్కి దాదాపు పది నెలలు కదల్లేదు. చివరికి 1879 సెప్టెంబరులో జపాన్ చేరింది.

డబ్బిచ్చి ఒడ్డున కూర్చునే మనిషి కాదాయన. 1880లో తానే ఓడెక్కారు. ఈసారి మంచు దారివ్వలేదు. ఓడ విడిచి, చెట్టూ చేమా లేని టండ్రా మీదుగా బయటపడ్డారు. సముద్రం కుదరకపోతే నేల మీదనైనా సరేనని, ఉరల్ పర్వతాలు దాటి పెచోరా నది నుంచి ఓబ్ వైపుకు బాట వేయించారు.

సైబీరియాలో తొలి విశ్వవిద్యాలయం తోమ్స్క్‌లో రాబోతుంటే భారీగా విరాళమిచ్చారు. అంతటితో ఆగక, కవి జుకోవ్‌స్కీ సొంత గ్రంథాలయాన్ని కొని దానికి బహూకరించారు. గని యజమానికి ఇంకో గని కొనాలనిపించడం సహజం, ఈయనకు పుస్తకాలు కొనాలనిపించింది! తానూ కలం పట్టారు. సైబీరియా రవాణా మార్గాల గురించి, ఇతర దేశాలతో దాని సముద్ర సంబంధాల గురించి రాసిన పుస్తకం 1907లో అచ్చయింది.

తరువాత విప్లవం వచ్చింది. ఫ్రాన్స్‌లోని నీస్‌లో పేదరికంలో ఉన్న ఆయనకు 1921లో స్వీడన్ ప్రభుత్వం పింఛను ఇచ్చింది. పాత మేలు మరవలేదన్నమాట. ఇటు సోవియట్ దేశంలో ఆయన పేరున్న మంచుకోత ఓడ ఒకటి మిగిలింది. 1932 జూలైలో అది అర్ఖాంగెల్స్క్ నుంచి బయల్దేరింది. దారిలో ప్రొపెల్లర్ విరిగితే తెరచాపలు కట్టుకుని, అక్టోబరు 1న బేరింగ్ జలసంధి చేరింది. మధ్యలో శీతకాలం గడపకుండా ఆ దారిని ఒకే విడతలో దాటిన మొదటి ఓడ అదే.

మరుసటి ఏడాది, 1933లో, సిబిర్యకోవ్ నీస్‌లోనే కన్నుమూశారు. చివరికి మోయడానికి నలుగురు కావాలంటారు మనవాళ్లు. ఆ శవపేటిక వెంట నడిచినవారు సరిగ్గా నలుగురే. వారిలో ఒకరు స్వీడన్ కాన్సల్, ఒకరు ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలు.