ఇంటి బీరు, జీలుగు కల్లు, రెండు దీవులు

మ్యాక్ వాడే సాఫ్టువేరు జనాలకి రోజుకోసారైనా 'బ్రూ ఇన్‌స్టాల్' అని కొట్టడం అలవాటే. 2009లో మొదలైన ఆ హోమ్‌బ్రూలో అన్నీ మందు పేర్లే. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి ఫార్ములా, పెట్టే చోటు సెల్లార్, ముందే కట్టి ఉంచింది బాటిల్. అంతకు చాలా ముందు, 1975లో, కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బులోనే స్టీవ్ వోజ్నియాక్ తన మొదటి యాపిల్ కంప్యూటర్ని జనాలకి చూపించాడు. ఇన్నేళ్ళుగా ఆ పదాన్ని టైపు చేస్తూనే ఉన్నా, ఇంట్లో బీరు కాచడం అంటే ఏంటో పోయిన వేసవి దాకా నాకు తెలీదు.

మేం నలుగురం డెట్రాయిట్ పక్కన ఒకే ఇంట్లో ఉంటాం. మే నెలలో ఒకడికి బుద్ధి పుట్టి, సామాను కొనుక్కొచ్చాడు. మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన పాకం, హాప్స్ అనే పువ్వులు, ఈస్టు, మూతకి గాలి బయటికి పోయే గొట్టం ఉన్న పెద్ద బకెట్టు. పాకాన్ని నీళ్ళలో కలిపి హాప్స్ వేసి గంటసేపు మరిగించాలి, చల్లార్చి ఈస్టు వెయ్యాలి, రెండు వారాలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత కొంచెం చక్కెర కలిపి సీసాల్లో పోసి, మూతలు బిగించి, ఇంకో రెండు వారాలు ఆగాలి. ఐదు గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు, లెక్క వేస్తే యాభై సీసాలు. వీటన్నిటికంటే పెద్ద పని గిన్నెలు కడగడం. ఒక్క పాడు సూక్ష్మజీవి దూరినా మొత్తం పులిసి కంపు కొడుతుందట. మా అమ్మ ఆవకాయ పెట్టే రోజున కూడా ఇంత మడి చూడలేదు నేను :)

మా నాలుగోవాడిది రంపచోడవరం దగ్గర కొండల్లో ఊరు. మేం వాణ్ణి 'ఏజెన్సీ' అని పిలిచేవాళ్ళం. వాడు మా హడావిడంతా చూసి, "దీనికి ఇంత సీను అవసరమా రా? మా ఊళ్ళో చెట్టే కాచి ఇస్తుంది" అన్నాడు. మేం నవ్వి ఊరుకున్నాం.

చక్కెర దగ్గర మేం తూకం వెయ్యలేదు. బిర్యానీలో ఉప్పు వేసినట్టు కంటితోనే కొలిచాం. ఈస్టుకి ఆ మొహమాటం లేదు, పెట్టినంతా తిని గ్యాసు వదులుతూనే ఉంటుంది. జూన్ లో ఒక రాత్రి బేస్‌మెంట్లో దీపావళి జరిగింది. పదమూడు సీసాలు పోయాయి. మిగిలినవి ఫ్రిజ్ లోకి ఎక్కించి బతికించుకున్నాం.

గాజు ముక్కలు ఏరుతూ ఉంటే నాకో అనుమానం వచ్చింది. అసలు ఇది చట్టప్రకారం చెయ్యొచ్చా? వెతికితే చాలా పెద్ద కథే దొరికింది.

అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా మద్యనిషేధం. బీరు కంపెనీలు మూతపడకుండా ఉండటానికి బార్లీ పాకం డబ్బాల్లో పెట్టి కిరాణా కొట్లలో అమ్ముకున్నాయి. రొట్టెలు చేసుకోవడానికి అనేవాళ్ళు. అంత పాకంతో ఎవరు రొట్టెలు చేశారో అందరికీ తెలుసు. 1933లో నిషేధం పోయింది. ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి ఉంది కానీ, బీరుకి మాత్రం రాలేదు. అలా ఇంకో 45 ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి 1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన బిల్లుతో దారి తెరుచుకుంది. 1979 ఫిబ్రవరి 1 నుంచి అమలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఉంటే 200. పన్ను లేదు, లైసెన్సు లేదు, అమ్మకూడదు, అంతే. సారా బట్టీ పెట్టడానికి మాత్రం ఇది వర్తించదు. రాష్ట్రాలు తమ చట్టాలు తాము మార్చుకోవాలి కాబట్టి, ఆఖరున మిసిసిపీ, అలబామా ఒప్పుకునేసరికి 2013 అయింది.

అంటే వోజ్నియాక్ వెళ్ళిన క్లబ్బుకి ఆ పేరు పెట్టిన రోజుల్లో నిజం హోమ్‌బ్రూ ఇంకా నేరమే అన్నమాట!

నేరమైనా చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. వాళ్ళలో నాకు నచ్చినాయన చార్లీ పపాజియన్. చదివింది న్యూక్లియర్ ఇంజనీరింగు, చేసింది కొలరాడోలో బౌల్డర్ అనే ఊళ్ళో జనాలకి బీరు కాచడం నేర్పడం. చట్టం మారిన 1978లోనే హోమ్‌బ్రూవర్ల సంఘం పెట్టాడు, 1984లో పుస్తకం రాశాడు. కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ సామాన్ల కొట్టు నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెర్రా నెవాడా బీరు కాయడం మొదలెట్టాడు. 1970ల చివర్లో దేశం మొత్తం మీద వందలోపు ఉన్న బీరు తయారీ కేంద్రాలు 2023 నాటికి 9 వేలు దాటాయి. ఇంట్లో సరదాగా కాచుకునే వాళ్ళని పోలీసులు వదిలేస్తే ఏమవుతుందంటే, ఇదవుతుంది.

జూలైలో బతికిన సీసాలు కార్లో వేసుకుని మాకినా దీవికి వెళ్ళాం. నాలుగున్నర గంటల డ్రైవు, ఆ తర్వాత పడవ. హ్యూరన్ సరస్సులో చిన్న దీవి. 1898 నుంచి అక్కడ మోటారు బళ్ళు నిషేధం. గుర్రపు బళ్ళు, సైకిళ్ళు, నడక, అంతే. దీవి చుట్టూ 13 కిలోమీటర్ల రోడ్డుంది, దాని మీద సైకిలు తొక్కుతుంటే ఒక పక్క అడవి, ఇంకో పక్క అద్దం లాంటి నీళ్ళు. యెల్లోస్టోన్ తర్వాత అమెరికాకి రెండో నేషనల్ పార్కు ఇదే (1875). 1895లో మిషిగన్ రాష్ట్రానికి ఇచ్చేశారు. అక్కడి గ్రాండ్ హోటల్ని 1887లో కట్టించింది రెండు రైలు కంపెనీలు, ఒక స్టీమరు కంపెనీ కలిసి. ఎందుకంటారా? టిక్కెట్లు అమ్ముడుపోవాలంటే జనాలకి వెళ్ళడానికో చోటు కావాలి కదా! దీవిలో వేసవి సెలవులు అనే సరదా వెనక కూడా ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి.

సాయంత్రం మేం దిగిన ఇంటి వరండాలో కూర్చుని సీసాలు తెరిచాం. నిజంగానే బావుంది. ఒకడు ఫోటోలు తీస్తున్నాడు. నేను నా కొత్త జ్ఞానం మొత్తం వెళ్ళగక్కాను, కార్టర్ తో సహా. అంతా విని ఏజెన్సీ నెమ్మదిగా అన్నాడు. "మా వాళ్ళు కూడా దీవికి వెళ్ళార్రా. కల్లు గీసుకున్నందుకే."

నేను జోకు అనుకున్నాను. కాదు.

రంప కొండల్లో జీలుగు చెట్లుంటాయి. గీత పెట్టి కుండ కడితే తియ్యటి నీరా దిగుతుంది, గాల్లో ఉన్న ఈస్టే కొన్ని గంటల్లో దాన్ని కల్లు చేస్తుంది. మరిగించేది లేదు, కడిగేది లేదు. చెట్టే కాచి ఇస్తుందని వాడన్నది దీన్నే. ఎండాకాలంలో తిండి తగ్గిన రోజుల్లో అది మత్తు కోసం మాత్రమే కాదు, కడుపు నింపుకోవడానికి కూడా. ఆ కల్లు మీద 'చిగురు పన్ను' పేరుతో రంప మన్సబుదారు వసూళ్ళు చేసేవాడు. 1870ల్లో మద్రాసు ప్రభుత్వం అబ్కారీ హక్కుల్ని మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకి ఇచ్చేసింది. తమ ఇంటి వాడకానికి తమ చెట్టు గీసుకోవాలన్నా కాంట్రాక్టరుకి డబ్బు కట్టాల్సిందే. దీనికి తోడు అప్పులిచ్చిన వ్యాపారులు, ఎక్కడో కింద ఉన్న కోర్టుల్లో దావాలు, పోలీసుల దోపిడీ.

1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. గొలుగొండ కొండలకీ, భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. నాయకుల్లో ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రభుత్వం పోలీసులు చాలక సైన్యాన్నీ, హైదరాబాదు నుంచి కూడా బలగాల్నీ దింపింది. 1880 ముగిసేలోపు ఆ నాయకులిద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు, తిరుగుబాటు అణిగిపోయింది. మన్సబుదారుని తీసేశారు. పట్టుబడిన వాళ్ళలో చాలామందిని అండమాన్ దీవులకి పంపేశారు.

మనకి స్కూల్లో రంప అనగానే 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే అదే కొండల్లో జనాలు, కార్టర్ మాకిచ్చిన హక్కు కోసమే పోరాడారని నాకు ఏ వాచకమూ చెప్పలేదు. ఇంటర్లో అయితే చరిత్రే లేదనుకోండి, ఎమ్‌సెట్ కి రాదుగా.

మందుని ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళ పోరాటం వల్లే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు కూడా. వాళ్ళు కూడా తిరగబడింది వేలంపాట పాడుకున్న కాంట్రాక్టర్ల సారా మీదే. 1879లో కాంట్రాక్టరు ఇంటి కల్లుని ఆపాడు. 1992లో ఇంటిదాకా సారా తెచ్చాడు. రెండుసార్లూ ఖజానాకి డబ్బు రావాలి, అందుకని మధ్యలో కాంట్రాక్టరు కావాలి. తాగేవాడి ఆరోగ్యం గురించి ఆలోచించింది మాత్రం ఆ ఆడవాళ్ళే.

వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్ళ మేనమామ మీద రెండు కుండల బెల్లం ఊట పెట్టాడని కేసు అయింది, నాలుగేళ్ళు వాయిదాలకి తిరిగాడు. "సారా కాయడం తప్పు కాదని అనట్లేదు రా. కానీ మావయ్య కుండతో ఫోటో పేపర్లో దొంగలా వేశారు. మనం ఇదే పని చేసి ఫోటో పెడితే లైకులు" అన్నాడు. ఊటకీ బీరుకీ తేడా ఉందని, బట్టీ పెట్టడం ఇక్కడా నేరమేనని నేను వాదించబోయాను. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. వాడు చెప్పేది సెక్షన్ల గురించి కాదు.

ఆ రాత్రి ఫోటోలు ఎవరం పెట్టలేదు. అప్పట్నించీ వాణ్ణి ఏజెన్సీ అని పిలవడం కూడా మానేశాం. ఒకరికొకరం చెప్పుకుని కాదు, దానంతటదే ఆగిపోయింది. వచ్చే వేసవి సెలవులు వాళ్ళ ఊళ్ళోనే అని అనుకున్నాం. జీలుగు కల్లు తెల్లారగట్లే తాగాలట, ఎండెక్కితే పులిసిపోతుందట. "చక్కెర మాత్రం మీరు వెయ్యొద్దు" అన్నాడు.