బావి గట్టున ఆగిన చట్టం

శ్రామికుడి శరీరానికి వెలకట్టిన చట్టం కూడా సాహిత్య విద్యార్థి చదవదగిన చరిత్రే. జరిగిన ప్రమాదాన్ని ఒక సమాజం ఎవరి ఖాతాలో వ్రాస్తుందో అందులో తెలుస్తుంది.

1918లో మద్రాస్ లేబర్ యూనియన్, 1920లో ఎ.ఐ.టి.యు.సి. ఏర్పడ్డాయి. ఆ కార్మికోద్యమ వాతావరణంలో 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చి, 1924 జూలై 1 నుంచి అమలయింది. అంతవరకూ దెబ్బతిన్న కూలి కోర్టులో యజమాని తప్పును రుజువు చేయవలసి ఉండేది. ఈ చట్టం ఆ బరువును చాలావరకు దించింది. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమాని బాధ్యుడన్నది. పరిహారం వద్దని కూలి వేలిముద్ర వేసినా ఆ ఒప్పందం చెల్లదన్నది. తర్వాతి కాలపు పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడు వేలు పోతే 14 శాతం నష్టమని లెక్కగట్టారు.

మరి కంబదూరు మెట్టలో? ఇక్కడ ప్రమాదం తరచు బావిలోనే పొంచి ఉంటుంది. నీరు కిందికి దిగేకొద్దీ మందు పెట్టి బండ పగలగొట్టే కూలీ కూడా దిగాడు. మందు పేల్చే తవ్వకాన్ని, 12 అడుగులు మించిన తవ్వకాన్ని చట్టం తన పట్టికలో చేర్చుకుంది. కాని అప్పుడప్పుడూ దొరికే పని, అదీ యజమాని వృత్తి వ్యాపారాలకు సంబంధించనిదైతే, చేసినవాడు కార్మికుడే కాడన్న మినహాయింపూ పెట్టింది. సేద్యపు బావి దేని కిందికి వస్తుందన్న వాదానికి ఆ సందు చాలు. 2000 సవరణతో గాని, అంటే 77 ఏళ్ళకు గాని, ఆ మినహాయింపు తొలగలేదు.

అసలు చిక్కు మరొకటుంది. ఇక్కడ యజమాని అంటే వేరుశనగ ఎండిపోయి, అప్పు తెచ్చి బావి తవ్వించే బక్కరైతు. తీర్పు కూలి పక్షాన వచ్చినా అతను ఏమిచ్చుకోగలడు? ఈ చిక్కుకు విరుగుడు బీమా. జర్మనీ 1884లోనే యజమానులందరూ కలిసి ప్రమాద బీమా భారం మోయాలని నిర్బంధించింది. మన 1948 ఇ.ఎస్.ఐ. చట్టం అదే బాటలో నడిచి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆచరణకు వచ్చింది. అయితే అది ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలయింది. 1923 చట్టం మాత్రం, బీమా చేసిన యజమాని దివాలా తీస్తే బీమా కంపెనీ మీద హక్కును కూలికి బదిలీ చేసింది; బీమా చేసితీరాలని మాత్రం అనలేదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. దానిని కూడా బావి గట్టున నిలబెట్టే పరీక్షించాలి.

బావిలో కూలి చనిపోతే మన కథ తలరాతతోనో, రైతు దుర్మార్గంతోనో ముగుస్తుంది. రెండూ సులువైన ముగింపులే. ఆ ఇద్దరినీ అప్పుతో, ఆకలితో ఒకే బావి దగ్గరకు చేర్చిన వ్యవస్థ తన వంతు ప్రీమియం ఎందుకు కట్టలేదని అడిగే కథ కావాలి.