బంతి నిలుపుదల ఆటలు (ఆస్ట్రేలియా)

ఫుట్‌బాల్ శిక్షణలో కొద్దిమంది ఆటగాళ్లతో, ఇరుకైన చోట, బంతిని ఎదుటివారికి చిక్కనీయకుండా ఆడించే సాధన. ఆస్ట్రేలియాలో 2009లో వెలువడి, 2013లో సవరణ పొందిన జాతీయ ఫుట్‌బాల్ కరిక్యులమ్ దీనికి పెద్దపీట వేసింది. దాని రూపకల్పనకు సారథి డచ్ టెక్నికల్ డైరెక్టర్ హాన్ బెర్గర్.

నలుగురికి ఇద్దరు, ఐదుగురికి ముగ్గురు ఎదురు నిలవడం మామూలు పద్ధతి. బంతి ఉన్న పక్షానికే సంఖ్యాబలం. బంతి కాలికి అందకముందే ఖాళీ ఎక్కడుందో చూసుకోవడం, పాస్ ఇచ్చి వెంటనే కొత్త చోటుకు కదలడం ఇందులో అలవడతాయి. శంకువుల మధ్య బంతి తిప్పే కసరత్తులో ఈ నిర్ణయాలకు తావే లేదు. కోచ్ చేతిలోని అసలు పనిముట్టు ఆడే చోటు కొలత: కుదిస్తే ఒత్తిడి పెరుగుతుంది, విస్తరిస్తే తగ్గుతుంది. మాటిమాటికీ ఆట ఆపి ఉపన్యాసం ఇవ్వడంకన్నా ఇది ఎంతో మేలు. అయితే పాస్‌ల లెక్కే పరమార్థమైతే పిల్లలు గోల్ ఉన్న దిక్కే మరచిపోతారు.

పిల్లల మ్యాచ్‌లూ చిన్నవే. ఆస్ట్రేలియా బాలల ఫుట్‌బాల్ కార్యక్రమం మినీరూస్‌లో ఆరేడేళ్లవారు నలుగురేసి, ఎనిమిది తొమ్మిదేళ్లవారు ఏడుగురేసి, పది పదకొండేళ్లవారు తొమ్మండుగురేసి ఆడతారు. పదకొండుగురి పూర్తి జట్టు ఆ తర్వాతే.

పెద్దల ఆటలో, బంతిని అట్టిపెట్టుకునే శైలికి పేరుపడ్డ కోచ్ యాంజ్ పోస్టెకోగ్లూ శిక్షణలో ఆస్ట్రేలియా క్లబ్ బ్రిస్బేన్ రోర్ 2010 నుంచి 2011 వరకు వరుసగా 36 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది.