ఓకు వనం, దాని కంచె



చెమ్మ నేలకు ఓర్చే చెట్టు ఏదని అడిగితే మనవారు ఏటిగట్టున ఉన్న మద్దిని చూపిస్తారు. ఇంగ్లండు రైతు ఓకు చెట్టును చూపిస్తాడు. ఓకుల్లో పొడుగు తొడిమకు కాయలు వేలాడే రకం ఒకటుంది. బరువైన బంకనేల, చలికాలమంతా తేమ ఆరని పల్లం దానికి సరిపడతాయి. దాన్ని పెంచబోయి అక్కడి సర్కారు ఏం చేసిందో ఈ పూట చెప్పుకుందాం.

ఆ రోజుల్లో ఇంగ్లండు యుద్ధపు ఓడలకు ప్రాణం ఓకు కలపే. 1765లో నీటిలోకి దిగిన 'విక్టరీ' ఓడ ఒక్కదానికే సుమారు 6000 చెట్లు పట్టినవి, అందులో ఎక్కువ భాగం ఓకులే. ఓకు ఓడకు పనికివచ్చేసరికి నూరేళ్లవుతుంది. నరకడానికెంతసేపు! 1802లో నౌకాసేనాని నెల్సన్ డీన్ అడవిని చూసి, పరిస్థితి అధ్వాన్నంగా ఉందని చెప్పినాడు. 1808లో చట్టం చేసి, ఆ అడవిలో 11,000 ఎకరాలకు కంచె కట్టి ఓకు వేయసాగినారు.

ఓకు గింజ మన వేపగింజ లాంటిదే, ఎండబెట్టి దాచితే మొలవదు. రాలిన రోజుల్లోనే ఏరి, నీళ్లలో వేసి, తేలిన పుచ్చుగింజలు తీసిపారేసి, మునిగినవి నాటాలి. ముందు తల్లివేరు లోతుకు దిగుతుంది, ఆ తరువాతనే మొలక పైకి వస్తుంది. చెమ్మకు ఓర్చేదే గదా అని నీళ్లు నిలిచే గుంటలో పెడితే లేతమొక్క కుళ్లిపోతుంది.

డీన్‌లో మొదటి దెబ్బ ఎలుకలది. 1813, 1814లలో చిట్టెలుకలు మితిమీరి గింజలు తవ్వి తిన్నవి, మొక్కల వేళ్లు కొరికినవి. మందులు, పిల్లులు ఆట్టే పనిచేయలేదు. పైన ఇరుకు, అడుగున వెడల్పు ఉండేట్టు గుంటలు తవ్వితే అందులో పడినవి ఎక్కిరాలేక వేలకు వేలు చచ్చినవి. మన ఎలుకల బాధకూ తలచుకోదగ్గ ఉపాయమే.

రెండో చిక్కు కంచె. అక్కడి పేదలు తరతరాలుగా ఆ అడవిలో గొర్రెలు మేపుకునేవారు, రాలిన ఓకు కాయలకు పందులను తోలేవారు. కంచెతో దాదాపు సగం అడవి వారికి మూతబడింది.

ఓకు కరువు సెగ మన దేశానికీ తగిలింది. ఓడల కోసం మలబారు టేకు మీద 1806లో కంపెనీవారు ఒక అధికారిని పెట్టినారు. తమ పొలాల్లోని టేకు కూడా సర్కారుదే అనేసరికి రైతులు మొత్తుకున్నారు. 1823లో మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో ఆ ఉద్యోగమే ఎత్తివేయించినాడు. రాయలసీమ వారికి తెలిసిన ఆ మన్రోనే!

డీన్ వారి మొర అట్లా వినేవారు లేకపోయిరి. మొక్కలు పశువులకు అందనంత ఎదిగినాక కంచెలు తీస్తారని ఇరవై ఏళ్లు ఎదురుచూసినారు, తీయలేదు. 1831 జూన్‌లో వారెన్ జేమ్స్ అనే గని కార్మికుడి వెంట జనం గడ్డపారలతో కదిలి కంచెలు కూల్చి పశువులను తోలినారు. సైన్యం వచ్చింది. జేమ్స్‌కు ఉరిశిక్ష వేసి, తరువాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చినారు. 1836లో క్షమాభిక్ష దొరికినా అతడు సొంత ఊరికి తిరిగి రాలేదు. నన్నడిగితే, కంచె ఎన్నేళ్లుంటుందో మొదటిరోజే ఆ ఊళ్లవారితో కూర్చుని తేల్చుకుని ఉంటే ఆ గొడవే లేదు.

ఇంతా చేస్తే, 1860లో ఇనుముతో కట్టిన 'వారియర్' ఓడ నీటిలోకి దిగింది. అప్పటికి డీన్ ఓకుల వయసు ఏభై ఏళ్లు. ఓడలకు వాటితో పని లేకపోయింది. ఆ చెట్లలో చాలా ఇప్పటికీ అక్కడే నిలిచి ఉన్నవి. గొర్రెలూ వాటి కిందనే మేస్తున్నవి.