భారతదేశంలో ఎస్సెమ్మెస్ ధరలు

సెల్‌ఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు పంపే పొట్టి సందేశమే ఎస్సెమ్మెస్. ఏ ప్యాకూ లేని ప్రీపెయిడ్ సిమ్ నుంచి పంపితే మన దేశంలో సాధారణంగా సర్కిల్ లోపల రూపాయి, సర్కిల్ దాటితే రూపాయిన్నర, విదేశాలకైతే 5 రూపాయలు పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలైనా టెలికాం లైసెన్సుల లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లేది లోకల్ మెసేజ్, హిందూపురం నుంచి పక్కనే ఉన్న బెంగళూరుకు వెళ్లేది ఎస్టీడీ మెసేజ్. రోజుకు 100 మెసేజ్‌లు ఉచితమనే ప్యాకులు వాడేవాళ్లకు ఈ ధరలు కంటపడవు. చౌక ప్యాకుతో నెట్టుకొచ్చేవాళ్లకు మాత్రం బాగా తెలుసు. ఈ ధర చరిత్ర అంతా చూస్తే ఒక సంగతి తేలుతుంది: మెసేజ్‌ను మోయడానికి అయ్యే ఖర్చుకు, దానికి వసూలు చేసిన ధరకు ఏ రోజూ పొంతన లేదు.

మోసే బరువు

1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజినీరు కంప్యూటర్ ముందు కూర్చుని, వోడాఫోన్ నెట్‌వర్క్‌లో ఉన్న రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. మొదటి ఎస్సెమ్మెస్ అదే. దాని కొలత అంతకు చాలా ముందే ఖాయమైంది. జర్మన్ ఇంజినీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985 ప్రాంతంలో టైప్‌రైటర్ మీద రకరకాల వాక్యాలు కొట్టి లెక్కపెట్టి, మామూలు కబురు ఏదైనా 160 అక్షరాల్లో ఇమిడిపోతుందని తేల్చాడు.

ఇంత పొట్టిగా ఉంచడానికి కారణం అది వెళ్లే దారి. ఫోను టవరుతో ఎప్పుడూ చిన్న చిన్న సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. నేనిక్కడున్నానని చెప్పడానికి, కాల్ వస్తోందని తెలుసుకోవడానికి ఆ సంకేతాలు అవసరం. మాటలు వెళ్లే దారి వేరు, ఇవి వెళ్లే దారి వేరు. ఎలాగూ వేసి ఉన్న ఆ సంకేతాల దారిలోని ఖాళీనే ఎస్సెమ్మెస్ వాడుకుంది. ఒక్కో సందేశానికి దొరికే చోటు 140 బైట్లు. అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే సందేశం కంపెనీ మెసేజ్ సెంటర్‌లో ఆగి, ఫోను తెరవగానే చేరుతుంది. ఆ సెంటర్‌కు యంత్రాలు కావాలి, వాటికి నిర్వహణ కావాలి. కాబట్టి ఖర్చే లేదనడం తప్పు. కానీ కోట్ల సందేశాల మీద పంచితే ఒక్కోదానికి పడేది పైసల్లోనే.

ధరను బరువుతో పోల్చి చూద్దాం. 140 బైట్లకు రూపాయి చొప్పున 10 లక్షల బైట్లు, అంటే ఒక ఎంబీ పంపాలంటే 7,143 మెసేజ్‌లు కావాలి, 7,143 రూపాయలు కావాలి. ఇదే ఫోనులో ఇంటర్నెట్ మీద అదే ఎంబీకి ఇవాళ పడేది పైసల లెక్కే. వాట్సాప్ రాగానే జనం మెసేజ్ ప్యాకులు ఎందుకు వదిలేశారో ఈ లెక్క ఒక్కటే చెబుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో 2005 నుంచి 2008 లోపు పెద్ద కంపెనీలన్నీ విడి మెసేజ్ ధరను 10 సెంట్ల నుంచి 20 సెంట్లకు పెంచాయి. అక్కడ పంపినవాడికే కాదు, అందుకున్నవాడికీ ఛార్జీ పడేది. సెనేటర్ హెర్బ్ కోల్ కంపెనీలకు లేఖ రాసి సంజాయిషీ అడిగారు. 2009లో సెనేట్ ఉపసంఘం ముందు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ శ్రీనివాసన్ కేశవ్ సాక్ష్యమిస్తూ, ఒక మెసేజ్‌కు కంపెనీకి అయ్యే ఖర్చు సెంటులో పదింట మూడు వంతులను మించదని అంచనా కట్టి చెప్పారు. 0.3 సెంట్ల సరుకు 20 సెంట్లకు అమ్ముడవుతోందన్నమాట.

తెలుగు అక్షరానికి పడే ధర

160 అక్షరాలన్న లెక్క రోమన్ లిపికే. ఆ లిపిలో ఒక్కో గుర్తుకు 7 బిట్లు చాలు. తెలుగులో రాస్తే ఒక్కో గుర్తుకు 16 బిట్లు పడతాయి. అప్పుడు అదే 140 బైట్లలో పట్టేవి 70 గుర్తులే. పైగా గుర్తు అంటే మనం బళ్లో నేర్చుకున్న అక్షరం కాదు. గుణింతం, పొల్లు, సున్న, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మనకు ఒకటే అక్షరం. ఫోనుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని 6 గుర్తులు. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ మన లెక్కలో 8 అక్షరాలు, ఫోను లెక్కలో మధ్యనున్న ఖాళీతో కలిపి 22. రెండే రెండు మాటలు మెసేజ్‌లో దాదాపు మూడో వంతు తినేస్తాయి. అవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఆరో వంతు కూడా నిండదు.

70 దాటితే ఏమవుతుంది? ఫోను సందేశాన్ని ముక్కలు చేస్తుంది. ముక్కలను అవతల మళ్లీ కలపడానికి కొంత చోటు పోతుంది కనుక ఒక్కో ముక్కలో 67 గుర్తులే మిగులుతాయి. చదివేవాళ్లకు ఒకే మెసేజ్‌లా కనిపిస్తుంది, డబ్బు మాత్రం ముక్కకింతని పడుతుంది. ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం దూర్చినా మొత్తం సందేశం 70 లెక్కలోకి మారిపోతుంది. రూపాయి గుర్తుకూ ఇదే కష్టం. 2010 జూలైలో మన ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తు పాత 7 బిట్ల పట్టికలో లేదు. బ్యాంకు మెసేజ్‌లలో దాని బదులు ఇంగ్లీషులో ఆర్, ఎస్ అనే అక్షరాలు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

మన లిపిని ఇలా నష్టపరచక తప్పదా అంటే, తప్పించే దారిని ప్రమాణాలు రాసేవాళ్లే చూపించారు. మొబైల్ ప్రమాణాలలో తెలుగు, హిందీ, తమిళం, కన్నడం వంటి భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు చేర్చారు. వాటిని వాడితే తెలుగులోనూ ఒక మెసేజ్‌లో 150కి పైగా గుర్తులు పడతాయి. అయితే పంపే ఫోను, అందుకునే ఫోను రెండూ ఆ పట్టికను ఎరిగి ఉండాలి. ఆ ఏర్పాటు వాడుకలో వేళ్లూనుకోలేదు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఎస్సెమ్మెస్ చరిత్రలో తెలుగువాళ్లకు జరిగిన అసలు నష్టం ఇదే. చాలా పాత ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. కనిపించిన ఫోన్లలోనూ జేబు ఒప్పుకునేది కాదు. ‘ఎలా ఉన్నావ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు ఆ రోజుల్లోనే వేళ్లకు పట్టింది. డబ్బు కట్టి టోకున మెసేజ్‌లు పంపే సంస్థలకూ ఇదే లెక్క. తెలుగులో పంపితే ఒక కబురుకు రెండు మూడు మెసేజ్‌ల డబ్బు. తెలుగు తప్ప మరొకటి చదవలేని మనిషికి ఇంగ్లీషులో మెసేజ్ రావడం వెనక ఈ లెక్కా ఉంది.

ప్యాకులు, పండుగలు, ఓట్లు

మన దేశంలో సెల్‌ఫోన్ సేవ 1995 జూలై 31న మొదలైంది. అప్పట్లో కాల్ చేసినా, వచ్చిన కాల్ ఎత్తినా నిమిషానికి ఇంతని పడేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోను సామాన్యుడి చేతికి వచ్చింది. అప్పటికీ కాల్ కంటే మెసేజ్ చౌక. అందుకే చదువుకునే పిల్లలు మెసేజ్‌ల మీద పడ్డారు. మూల ధర తగ్గించడానికి కంపెనీలు విడిగా ప్యాకులు అమ్మాయి. తెలుగు ఊళ్లలో వీటిని ‘రేట్ కట్టర్’, ‘మెసేజ్ ఆఫర్’ అని పిలిచేవారు. కిరాణా కొట్లో, జిరాక్సు షాపులో నంబరు చెప్పి వేయించుకుంటే నెల రోజులు మెసేజ్‌లు పైసల్లో పోయేవి, లేదా ఉచితంగా పోయేవి.

ఆ ప్యాకు పండుగ నాడు పనిచేసేది కాదు. కొత్త సంవత్సరం, దీపావళి వంటి రోజులను కంపెనీలు ‘బ్లాకౌట్ డే’లుగా ప్రకటించి, రాయితీలు ఎత్తేసి, మెసేజ్‌కు పూర్తి ధర గుంజేవి. జనం ఒకేసారి పంపితే నెట్‌వర్క్ తట్టుకోలేదన్నది వాటి వాదన. సంకేతాల దారి ఆ రాత్రుల్లో కిక్కిరిసే మాట నిజం. కానీ ఏడాదంతా ప్యాకుకు డబ్బు కట్టినవాడికి, దాని అవసరం నిజంగా పడే రోజునే అది చెల్లకుండా చేయడం న్యాయం కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి రోజులు ఏడాదికి 5కు మించరాదని, అవి ఏవో ముందే చెప్పాలని కట్టడి చేసింది.

టీవీ పోటీల ఓట్లది మరో ధర. పొట్టి కోడ్ నంబరుకు పంపే మెసేజ్ మామూలు మెసేజ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఆ డబ్బును ఫోన్ కంపెనీ, ఛానల్ పంచుకునేవి. 2006లో ‘ఇండియన్ ఐడల్’ రెండో విడతలో హైదరాబాద్ గాయకుడు కారుణ్య చివరిదాకా వచ్చి రెండో స్థానంలో నిలిచాడు. 2010లో అయిదో విడతను శ్రీరామచంద్ర గెలిచాడు. మన కుర్రాడిని గెలిపించాలని రీఛార్జ్ చేయించి మరీ ఓట్లు వేసిన ఇళ్లు తెలుగునాట ఎన్నో. అభిమానానికీ ఒక ధర ఉంటుందని, దాన్ని ఎవరైనా నిర్ణయించవచ్చని ఆ పోటీలు చూపించాయి.

ధరే ఆనకట్ట

మెసేజ్‌లు చౌకయ్యేసరికి ప్రకటనల బెడద పెరిగింది. దాన్ని ఆపడానికి ట్రాయ్ తెచ్చిన నిబంధనలు 2011 సెప్టెంబరు 27న పూర్తిగా అమల్లోకి వచ్చాయి. ఒక సిమ్ నుంచి రోజుకు 100 మెసేజ్‌లే పంపాలన్నది అందులో ఒకటి. గగ్గోలు రేగడంతో నవంబరులో 200 చేశారు. 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు, సొంత సందేశాల మీద ఇలాంటి పరిమితి భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని కొట్టేసింది. మనిషి మనిషికి పంపే పొట్టి కబురు రాజ్యాంగ హక్కు కిందకు వస్తుందని తేలింది.

సంఖ్యను ఆపే దారి మూసుకుపోవడంతో ట్రాయ్ ధరను ఆయుధం చేసుకుంది. ప్యాకు ఏదైనా సరే, రోజుకు 100 దాటాక ప్రతి మెసేజ్‌కు కనీసం 50 పైసలు వసూలు చేయాలని 2012 నవంబరులో ఆదేశించింది. సాధారణంగా నియంత్రణ సంస్థ ఇంతకు మించి తీసుకోవద్దంటుంది. ఇక్కడ మాత్రం ఇంతకు తగ్గించవద్దంది. ఆ ఆదేశాన్ని 2020 జూన్‌లో రద్దు చేశారు. పోయింది కట్టడి మాత్రమే, అలవాటు పోలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు ప్లాన్లలో చేర్చిన ‘రోజుకు 100 మెసేజ్‌లు’ ఇవాళ్టి ప్లాన్లలోనూ అలాగే అచ్చవుతోంది.

అసలు ఖర్చు ఎంతన్న ప్రశ్నకు ట్రాయ్ ఉత్తర్వుల్లోనే జవాబు దొరుకుతుంది. ఒక కంపెనీ మెసేజ్‌ను మరో కంపెనీ తన చందాదారుకు చేర్చినందుకు చెల్లించే రుసుమును 2013 జూన్ నుంచి 2 పైసలుగా ఖరారు చేసింది. 2015 మే 1 నుంచి రోమింగ్‌లో ఉన్నవాళ్ల మెసేజ్‌కు లోకల్‌కు 25 పైసలు, ఎస్టీడీకి 38 పైసలు గరిష్ఠ ధరగా పెట్టింది. ఇంట్లో కూర్చుని పంపితే రూపాయి పడే మెసేజ్, ఊరు కాని ఊళ్లో పావలాకు పోతుంది. ఇంటి దగ్గరి ధరకు మాత్రం ఇలాంటి హద్దు పెట్టకుండా కంపెనీల ఇష్టానికి వదిలేసింది.

ఒక్క మెసేజ్ కోసం

కబుర్లు వాట్సాప్‌కు వెళ్లిపోయినా ఎస్సెమ్మెస్ అవసరం తీరలేదు, మరింత ముడిపడింది. ఓటీపీ అందుకోవడం ఉచితమే. కానీ యూపీఐ యాప్‌ను మొదటిసారి బ్యాంకు ఖాతాకు జతచేసేటప్పుడు మన ఫోను నుంచి ఒక మెసేజ్ బయటికి వెళ్లాలి. బ్యాలెన్స్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. బ్యాంకులు పంపే మెసేజ్‌లకూ చాలా చోట్ల ఖాతాలోంచి డబ్బు కోస్తారు. అందరికీ ఒకే మొత్తం వేయకుండా, వాడిన మేరకే తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2013 నవంబరులో చెప్పాల్సి వచ్చింది.

కంపెనీ మారడానికీ మెసేజే తాళంచెవి. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. అందుకు 1900కు ఒక మెసేజ్ పెట్టి కోడ్ తెప్పించుకోవాలి. 2021 చివర్లో ధరలు పెరిగినప్పుడు కొన్ని చౌక ప్యాకుల్లో మెసేజ్ సౌకర్యమే తీసేశారు. అంటే మారిపోవాలనుకున్న పేదవాడు ముందు పెద్ద ప్యాకు కొనాలి, ఆ తర్వాతే బయటపడాలి. ఏ ప్యాకులో ఉన్నా, రీఛార్జ్ ఎంతదైనా, 1900కు మెసేజ్ పోనివ్వాల్సిందేనని ఆ ఏడాది డిసెంబరు 7న ట్రాయ్ ఆదేశించింది. మెసేజ్ ధర గురించి వచ్చిన ఉత్తర్వులన్నిటిలో సామాన్యుడికి ఎక్కువ మేలు చేసింది ఇదేనని చెప్పాలి.

ఇంటర్నెట్ అక్కర్లేని వృద్ధులు, బటన్ ఫోన్లవాళ్లు కూడా డేటాతో కలిపిన ప్యాకులే కొనాల్సి రావడంతో 2024 డిసెంబరు 23న మరో నిబంధన వచ్చింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులను ప్రతి కంపెనీ అమ్మాలి, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. 2025 జనవరిలో అలాంటివి బజారులోకి వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజుల ప్యాకులో 900 మెసేజ్‌లు, ఏడాది ప్యాకులో 3,600 మెసేజ్‌లు ఇచ్చింది. ఏడాది మీద పంచితే రోజుకు పదికి కాస్త తక్కువ. అవి అయిపోయాక పంపే మెసేజ్‌కు మళ్లీ లోకల్‌కు రూపాయి, ఎస్టీడీకి రూపాయిన్నర.