పగిలిన రాయి తీసిన అచ్చు

1963లో న్యూయార్క్‌కు తూర్పున, లాంగ్ ఐలండ్‌లోని వెస్ట్ ఐస్లిప్ అనే ఊళ్లో, ప్రెస్సు మీదున్న సున్నపురాయి పగిలింది. మళ్లీ ఇంకో రాయి సిద్ధం చేశారు. అదీ పగిలింది. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఇక కొత్త రాయి అడగలేదు. ఉన్నదాన్నే అచ్చు తీయమన్నాడు.

లిథో రాయికి ఆ రోజు దాకా మొహం లేదు. 1790ల చివర్లో తన నాటకాలు చవగ్గా అచ్చేసుకోవాలని ఆలోయిస్ సెనెఫెల్డర్ బవేరియాలో కనిపెట్టిన అచ్చు పద్ధతి లిథో. చెక్క అచ్చులో గీత పైకి లేస్తుంది, రాగిరేకులో లోపలికి దిగుతుంది. సోల్న్‌హోఫెన్ సున్నపురాయి మీద ఆ రెండూ ఉండవు. జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, కొంచెం ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పూసి, రాయిని తడిపి సిరా రోలరు నడిపితే, జిడ్డున్న చోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. అంతే. అంతా ఒకే చదును.

ఆ చదునే లోతును నటించడానికి పనికొచ్చింది. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి మన గోడలెక్కిన లక్ష్మీ సరస్వతుల పటాలు లిథోలే. రంగుకో రాయి చొప్పున వాడి, చీర మడతల్నీ నీటి మెరుపునీ నమ్మించారు. వాటిలో రాయి మాత్రం ఎక్కడా కనపడదు.

రాళ్లు పగిలిన ఆ వెస్ట్ ఐస్లిప్ వర్క్‌షాప్‌ను 1957లో మొదలుపెట్టింది టాట్యానా గ్రోస్మన్. రష్యాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన మనిషి. చిత్రకారుడైన భర్త మారిస్ గుండెజబ్బు పాలవడంతో బతుకుతెరువు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంటి ముందు నడిచే దారిలో పరిచిన పలకల్లోనే లిథో రాళ్లు దొరికాయి! చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ 1963-64లో అక్కడే ‘18 కాంటోస్’ అనే లిథోల వరుస చేశాడు. రాయి అంచుకూ కాగితం అంచుకూ మధ్య మిగిలే తెల్లని జాగాతో పోట్లాడి, ఒక్కో అచ్చుకు ఒక్కో కొలతలో అంచు వదిలాడు. ఖాళీ జాగాను బొమ్మలో భాగం చేశాడన్నమాట.

రౌషెన్‌బర్గ్‌కు ఆ పని పగులు చేసిపెట్టింది. నల్లని మరకలు, పత్రికల ఫొటో ముక్కల మీదుగా తెల్లని చీలిక ఏటవాలుగా సాగుతుంది. రాలిన పెచ్చులను అడుగున పేర్చి, వాటినీ అచ్చు తీశారు. ‘యాక్సిడెంట్’ అని పేరు పెట్టి 29 ప్రతులు వేశారు. అప్పటి యుగోస్లావియాలోని ల్యుబ్‌ల్యానా గ్రాఫిక్ ప్రదర్శనలో అదే ఏడాది దానికి ప్రథమ బహుమతి వచ్చింది.

ఇలాంటి కథల్లో ప్రెస్సు తిప్పినవాళ్ల పేర్లు చివర్లో గానీ రావు, ఇది అన్యాయమే. గ్రోస్మన్ వర్క్‌షాప్ తొలి ముద్రాపకుడు రాబర్ట్ బ్లాక్‌బర్న్. జమైకా దంపతుల బిడ్డ, లిథో నేర్చింది హార్లెమ్‌లో. 1940ల చివరికే మన్‌హట్టన్‌లో సొంత వర్క్‌షాప్ తెరిచాడు. ‘యాక్సిడెంట్’కు పదమూడేళ్ల ముందే, 1950లో, ‘గర్ల్ ఇన్ రెడ్’ అనే రంగుల లిథోలో మనిషి ఆకారాన్ని చదునైన రంగు ముక్కలుగా విడగొట్టేశాడు.