మెదడు తనంతట మారిందా, మనం చూసినందుకు మారిందా?

ఇవాళ ఓయూ క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నా. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల వీడియోలో "పెద్దయ్యాక కూడా మెదడులో సగం కనెక్షన్లు నెల తిరిగేసరికి మారిపోతాయి" అని ధీమాగా చెప్పేశా. మొన్న తార్నాకలో చాయ్ తాగుతుంటే, ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి గుర్తుపట్టి, "అన్నా, రెండో పేపర్ చదవలేదా?" అంది. చదవలేదు. ఇప్పుడు చదివా. ఆ కథే ఇది.

ఒక నాడీకణం ఇంకో కణానికి కబురు అందించే చోటుని సినాప్స్ అంటారు. 1873లో ఇటలీలో గోల్జీ, వెండి రసాయనంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించాడు. అదే పద్ధతి వాడి స్పెయిన్‌లో కహాల్, కణాల కొమ్మల మీద ముళ్లలాంటి బుడిపెలు చూశాడు. వాటి పేరు స్పైన్లు. చాలా సినాప్సులు ఉండేది వాటి మీదే. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. కానీ వాళ్లు చూసింది ప్రాణం లేని కణజాలం. అంటే ఒక్క స్క్రీన్‌షాట్. నిన్న ఎలా ఉందో, రేపు ఎలా ఉంటుందో అందులో తెలీదు.

మరి బతికున్న మెదడులోకి చూస్తే? కాంతి చెదిరిపోతుంది. చలికాలం పొద్దున్నే పొగమంచులో బైక్ హెడ్‌లైట్ చూశారుగా, అలా. రామన్ దగ్గర కాంతి చెదరడం మీద పనిచేసిన సూరి భగవంతం గారు 1952 నుంచి 1957 దాకా ఈ యూనివర్సిటీకే వైస్ ఛాన్సలర్! సరే, కథకొద్దాం. 1990లో అమెరికాలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనే ముగ్గురు టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ చేశారు. ఇందులో తక్కువ చెదిరే ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వాడతారు. రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితేనే అణువు మెరుస్తుంది. అది ఫోకస్ పడ్డ చోటే జరుగుతుంది కాబట్టి మసక ఉండదు. 2000 నాటికి కొన్ని నాడీకణాలు మాత్రమే మెరిసే చిట్టెలుకలు కూడా వచ్చాయి.

ఇక 2002 డిసెంబర్. నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పేపర్లు. స్వోబోడా టీమ్: నెల పాటు నిలిచిన స్పైన్లు సుమారు సగమే. గాన్ టీమ్: పెద్ద ఎలుకల్లో సుమారు 96 శాతం నిలిచాయి. నేను చదివి ఊగిపోయింది మొదటిదొక్కటే.

ఎందుకింత తేడా? ఎలుకల వయసు వేరు, చూసిన మెదడు భాగం వేరు. ఇంకొకటి, చూసిన కిటికీ వేరు. మొదటివాళ్లు పుర్రె ముక్క తీసి అద్దం పెట్టారు. రెండోవాళ్లు పుర్రెని తీయకుండా పల్చగా అరగదీశారు. 2007లో గాన్ టీమ్ రెండు పద్ధతులూ పోల్చింది. పుర్రె తీసిన చోట గాయానికి స్పందించే గ్లియా కణాలు రెచ్చిపోయాయి, స్పైన్ల మార్పూ ఎక్కువైంది. సర్జరీ జాగ్రత్తగా చేసి, మానేదాకా ఆగితే అద్దం కిటికీ కూడా బాగానే పనిచేస్తుందని అవతలివాళ్ల వాదన.

ఇది విన్నాక నా పాత జాబ్‌లో ఒక బగ్ గుర్తొచ్చింది. కోడ్‌లో లాగ్ పెడితే మాయం, తీసేస్తే ప్రత్యక్షం. లాగ్ రాయడానికి పట్టే టైమే ప్రోగ్రామ్ నడకని మార్చేసేది. రెండు రాత్రులు నిద్రలేదు నాకు.

అలాగని పెద్దయ్యాక మెదడు మారదని కాదు. 2009లో గాన్ టీమూ, యీ జువో టీమూ వేర్వేరుగా చూపించాయి: ఎలుక కొత్త పని నేర్చుకుంటే కొత్త స్పైన్లు పుడతాయి. జువో టీమ్ చూసినదాంట్లో గంటలోపే! వాటిలో కొన్ని చాలాకాలం నిలుస్తాయి. పాతవి ఎక్కువ శాతం అలాగే ఉంటాయి. అంటే రోజూ ఇల్లు కూల్చి కట్టడం కాదు, ఉన్న ఇంట్లో అక్కడక్కడా కొత్త మేకు కొట్టడం.

అందుకే "21 రోజుల్లో మెదడు మొత్తం మారిపోద్ది" అనే రీల్ వస్తే ఒక్కటడగండి: ఏ జంతువులో, ఏ కిటికీలోంచి, ఎన్ని రోజులు చూశారు? నా వీడియోలకీ అదే ప్రశ్న వెయ్యండి. పాతది డిలీట్ చెయ్యలేదు, కింద దిద్దుబాటు పిన్ చేశా. ఆ చెల్లికి ఒక చాయ్ బాకీ. ఉంటా మరి.